స్టార్టర్-జనరేటర్ తనిఖీ: బ్రష్ పొడవు కొలిస్తే సరిపోదు

టర్బోప్రాప్ విమానాల్లో, చిన్న జెట్లలో, టర్బైన్ హెలికాప్టర్లలో ఇంజిన్‌ని తిప్పి లేపేదీ, అది లేచాక దానితోనే తిరుగుతూ కరెంటు ఇచ్చేదీ ఒకటే యంత్రం. స్టార్ట్ చేసే ముప్పై సెకన్లు మోటారు, ఆ తర్వాత గంటల తరబడి జనరేటర్. ఈ రెండు పనుల్లో బ్రష్‌నీ (కరెంటు మోసే కార్బన్ ముక్క), అది ఆనుకుని ఉండే కమ్యుటేటర్‌నీ (రాగి పట్టీలతో చేసిన, తిరిగే గుండ్రని భాగం) ఎక్కువగా దెబ్బతీసేది మొదటిదే. కానీ లాగ్‌బుక్‌లో కనిపించేవి రెండో పని గంటలే. చాలామంది తనిఖీ అంటే బ్రష్ కవర్ బ్యాండ్ విప్పి, బ్రష్ మీద అరుగుదల గాడి చూసి, ఇంకా ఉంది అనుకుని మూసేస్తారు. బ్రష్ ఎంత మిగిలిందో తెలుసుకోవడం తేలిక. ఎందుకు ఇంత అరిగిందో చెప్పేవి కమ్యుటేటర్, స్ప్లైన్ (ఇంజిన్ గేర్లతో కలిపే షాఫ్ట్ పళ్లు), టెర్మినల్ బ్లాకు (కేబుళ్లు బిగించే దిమ్మ). పని అంతా అక్కడే ఉంది.

ఇక్కడ చెప్పేది 28 వోల్టుల డీసీ, బ్రష్ ఉన్న యూనిట్ల గురించి. సాధారణంగా 200, 300, 400 ఆంపియర్ల రేటింగ్‌లో వస్తాయి. బోయింగ్ 787లో ఇంజిన్‌కి రెండు చొప్పున ఉండే 250 కేవీఏ ఏసీ స్టార్టర్-జనరేటర్లు వేరే జాతి, వాటికి ఇందులోని చాలా మాటలు వర్తించవు. ఒక షరతు: కింద ఉదాహరణగా ఇచ్చిన కొలతలు లెక్క ఎలా వేయాలో చూపడానికే. మీ యూనిట్ పార్ట్ నంబర్‌కి సంబంధించిన కాంపోనెంట్ మాన్యువల్, విమానం మెయింటెనెన్స్ మాన్యువల్ ఏం చెబితే అదే లిమిట్. పని చేసేది, సంతకం పెట్టేది అధికారం ఉన్నవాళ్లే.

ముందు లోపల ఏముందో

టెర్మినల్ బ్లాకు మీద అక్షరాలు చూడండి. ఎక్కువ యూనిట్లలో ఏ (A) అంటే షంట్ ఫీల్డ్ (జనరేటర్ వోల్టేజీని అదుపు చేసే తీగచుట్ట), బీ (B) అంటే జనరేటర్ అవుట్‌పుట్, సీ (C) అంటే స్టార్ట్ కరెంటు లోపలికి వచ్చే చోటు, డీ (D) అంటే లోడ్ పంచుకోవడానికి వాడే ఇంటర్‌పోల్ (చిన్న సహాయక ధ్రువం) సంకేతం, ఈ (E) అంటే నెగటివ్. స్టార్ట్ నొక్కితే కరెంటు సీ నుంచి సిరీస్ ఫీల్డ్ (స్టార్ట్‌కి వాడే తీగచుట్ట) గుండా ఆర్మేచర్‌కి (లోపల తిరిగే భాగం) వెళ్లి, ఈ (E) టెర్మినల్ ద్వారా బయటపడుతుంది. ఇంజిన్ సొంతంగా నిలదొక్కుకున్నాక స్టార్ట్ కాంటాక్టర్ (పెద్ద కరెంటుని కలిపే, తెంచే స్విచ్) తెరుచుకుంటుంది, జనరేటర్ కంట్రోల్ యూనిట్ షంట్ ఫీల్డ్‌ని నడిపి బీ దగ్గర వోల్టేజీ నిలబెడుతుంది. ఈ దారి బుర్రలో ఉంటే ట్రబుల్ వెతకడం సగం అయిపోయినట్టే. స్టార్ట్ బాగుండి జనరేషన్ లేదంటే సీ వైపు చూడక్కర్లేదు. జనరేషన్ బాగుండి స్టార్ట్ నీరసంగా ఉందంటే, అవుట్‌పుట్‌లో బాగా పనిచేస్తున్న బ్రష్‌ల్ని మొదట అనుమానించక్కర్లేదు.

పీటీ6ఏ లాంటి ఫ్రీ టర్బైన్ ఇంజిన్లలో (ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్‌కి కంప్రెసర్‌తో నేరుగా కలయిక లేనివి) స్టార్టర్-జనరేటర్ కంప్రెసర్ వైపు గేర్లకే కలిసి ఉంటుంది. గ్యాస్ జనరేటర్ (కంప్రెసర్, దాన్ని తిప్పే టర్బైన్) వేగం నూటికి నూరు దగ్గర ఇది నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. కాబట్టి ప్రొపెల్లర్ పట్టుకుని తిప్పితే ఆర్మేచర్ కదలదు. కొత్తగా చేరినవాళ్లు కమ్యుటేటర్ చుట్టూ చూద్దామని ప్రొపెల్లర్ తిప్పుతూ నిలబడడం మామూలే.

ఒకటో పని: కరెంటు తీయండి, చల్లారనివ్వండి

బ్యాటరీ కనెక్టర్ విప్పండి, స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. గ్రౌండ్ పవర్ (నేల మీద బయటినుంచి ఇచ్చే కరెంటు) ప్లగ్ తీయండి. కాక్‌పిట్‌లో హెచ్చరిక ట్యాగ్ వేలాడదీయండి. చేతి ఉంగరం, గడియారం తీసేయండి. 28 వోల్టులకు షాక్ కొట్టకపోవచ్చు, కానీ బీ టెర్మినల్‌కీ ఫ్రేముకీ మధ్య స్పానర్ పడితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇస్తుంది, ఉంగరం వేలికే అతుక్కుంటుంది. ఇంజిన్ ఇప్పుడే ఆపి ఉంటే కనీసం అరగంట ఆగండి. వేడి మీద తీసిన బ్రష్ కొలతా నమ్మదగినది కాదు, కాలిన వేళ్లతో పట్టుకున్న స్ప్రింగూ నమ్మదగినది కాదు.

రెండో పని: విప్పకముందు చూడండి, వాసన చూడండి

బ్రష్ కవర్ బ్యాండ్ విప్పే ముందు చుట్టూ టార్చి వేయండి. గాలి వచ్చే డక్ట్ చీలిందా? బిగింపు క్లాంపు జారిందా? లోపల ఫ్యాన్ ఉన్నా, ఎక్కువ యూనిట్లకు ఎగురుతున్నప్పుడు బయటి గాలి కూడా కావాలి. డక్ట్ ఊడిన యూనిట్ నేల మీద పరీక్షలో బాగానే ఉంటుంది, ఎక్కువ లోడ్‌తో వేసవి మధ్యాహ్నం ఎగిరినప్పుడు ఉడికిపోతుంది. బ్యాండ్ చుట్టూ తడి నల్లటి మరక ఉంటే ఆగండి. కార్బన్ పొడి పొడిగా ఉండాలి. వేళ్ల మధ్య రుద్దితే జిడ్డుగా పట్టుకుంటే నూనె ఎక్కడినుంచో వస్తోంది, ముందుగా అనుమానించాల్సింది గేర్‌బాక్స్ ప్యాడ్ (యూనిట్‌ని బిగించే చోటు) సీల్. ప్యాడ్ డ్రెయిన్ గొట్టం మూసుకుపోయిందేమో చూడండి. డ్రెయిన్ మూసుకుంటే కారే నూనెకి దారి లేక యూనిట్‌లోకే వెళుతుంది. నూనె తాగిన బ్రష్‌ని తుడిచి మళ్లీ వేయకూడదు. కార్బన్ నూనెని పీల్చుకుంటుంది, ఎంత కడిగినా బయటికి రాదు. సెట్ మొత్తం మార్చాలి, సీల్ సరిచేయకుండా మార్చినా డబ్బు దండగ.

బ్యాండ్ విప్పగానే వచ్చే వాసనా ఒక సమాచారమే. మామూలు కార్బన్ వాసనా, కాలిన వార్నిష్ వాసనా ఒకసారి తెలిస్తే మళ్లీ పొరబడరు. వార్నిష్ వాసన వచ్చిందంటే వైండింగ్ ఎప్పుడో అతిగా వేడెక్కింది. బ్రష్‌లు మార్చి వదిలేయకండి, ఇన్సులేషన్ పరీక్ష తప్పనిసరి.

మూడో పని: పొడి తీయడం

ముందు వ్యాక్యూమ్, తర్వాతే గాలి. నేరుగా కంప్రెసర్ గొట్టం పెట్టి ఊదితే పొడి బయటికి రాదు, వైండింగ్ సందుల్లోకి, బేరింగ్ వైపుకి వెళ్లి కూర్చుంటుంది. మెత్తని బ్రిసిల్ కుంచెతో కదుపుతూ వ్యాక్యూమ్ పట్టండి. ఆ తర్వాత తేమ లేని గాలి, రెండు బార్‌ల చుట్టుపక్కల తక్కువ ఒత్తిడితో, ఫ్యాన్ వైపు నుంచి బయటికి. మాస్క్ వేసుకోండి, ఆ పొడిలో కార్బన్‌తో పాటు రాగి కూడా ఉంటుంది. సాల్వెంట్ చల్లడం చేయకండి. అది పొడిని బురదగా మార్చి, ఆరాక రాయిలా పట్టేలా చేస్తుంది. పైగా బ్రష్ దాన్ని పీల్చుకుంటుంది.

పొడి ఎంత ఉందో కూడా గుర్తుంచుకోండి. గత తనిఖీలో వ్యాక్యూమ్ బ్యాగులో చెంచాడు వచ్చి, ఇప్పుడు అవే గంటలకు గుప్పెడు వస్తే, బ్రష్ ఎంత మిగిలిందన్న ప్రశ్న వెనక్కి వెళుతుంది. ఎందుకు రాలుతోందన్నదే ముందు తేల్చాలి.

నాలుగో పని: బ్రష్‌లు, ఒక్కొక్కటిగా

చాలా యూనిట్లలో నాలుగు హోల్డర్లు, ఒక్కోదానిలో రెండు లేదా మూడు బ్రష్‌లు ఉంటాయి. తీసేముందు ప్రతి బ్రష్‌కీ నంబరు, ముఖం ఏ వైపో గుర్తు పెట్టండి. తిరిగి పెట్టేటప్పుడు అదే గూడు, అదే దిక్కు. బ్రష్ ముఖం తన కింద ఉన్న కమ్యుటేటర్ ఆకారానికి అరిగి ఉంటుంది. పక్క హోల్డర్‌లో పెడితే ఒక మూలే ఆనుతుంది, కరెంటంతా ఆ మూల గుండా పోతుంది, నిప్పురవ్వలు మొదలవుతాయి.

స్ప్రింగ్‌ని వేలితో పట్టుకుని నెమ్మదిగా ఎత్తండి, మాన్యువల్ చెప్పిన హుక్ ఉంటే దానితోనే. ఎత్తిన స్ప్రింగ్ జారి బ్రష్ మీద పడనివ్వకండి. ఆ ఒక్క దెబ్బకి బ్రష్ అంచు పెచ్చులూడుతుంది. బ్రష్‌ని పిగ్‌టెయిల్ తీగ పట్టుకుని లాగకండి, తీగ కార్బన్‌లో కలిసే చోట సడలుతుంది.

చేతిలోకి తీసుకున్నాక నాలుగు విషయాలు చూడాలి.

పొడవు. అరుగుదల గాడి ఉన్న బ్రష్‌ల మీద ఏటవాలు గీత హోల్డర్ అంచుతో ఎక్కడ కలుస్తుందో చూసి ఎంత మిగిలిందో అంచనా వేయొచ్చు. లైన్ మెయింటెనెన్స్‌కి అది చాలు. తీసిన బ్రష్‌ని మాత్రం వెర్నియర్‌తో, అరుగుదల ఎక్కువ ఉన్న వైపే కొలవండి. బ్రష్‌ల సగటు మీద ఆధారపడకండి. అన్నిటికన్నా పొట్టి బ్రష్ ఎంత ఉందో అదే ఆ యూనిట్ లెక్క.

ముఖం. అద్దంలా మెరిసే నునుపు మంచిది కాదు, మరీ గరుకూ మంచిది కాదు. బూడిదరంగులో, మెత్తని పట్టులాంటి మెరుపుతో ఉండాలి. ముఖంలో రాగి చుక్కలు గుచ్చుకుని ఉంటే అవి కమ్యుటేటర్ నుంచి ఊడివచ్చినవి, ఇక అవే గీతలు గీస్తాయి. పెచ్చులూడిన అంచు ఎటువైపు ఉందో రాసుకోండి. తిరుగుడుకి ఎదురు అంచు ఊడితే ఎగుడుదిగుడు కమ్యుటేటర్‌నో, మైకా (రాగి పట్టీల మధ్య ఉండే ఇన్సులేషన్) పైకి వచ్చిందనో అనుమానించాలి.

పక్కలు. హోల్డర్‌కి రాసుకున్న గీతలు, మెరుగెక్కిన మచ్చలు ఉంటే బ్రష్ గూట్లో బిగుసుకుంటోంది. స్ప్రింగ్ నొక్కుతున్నా కిందికి రాని బ్రష్ కరెంటు మోయదు, తన వాటా పక్కదాని మీద పడేస్తుంది. ఒకే గూట్లో ఒకటి నిండుగా, పక్కది బాగా అరిగిపోయి కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే. జనాలు అరిగిన దాన్ని నిందిస్తారు. తప్పు నిండుగా ఉన్న దానిది.

తీగ. రాగి రంగులో మెత్తగా వంగాలి. నీలం, ఊదా రంగు తిరిగి పెళుసుగా ఉంటే అతిగా వేడెక్కింది. తిరిగి బిగించేటప్పుడు తీగ స్ప్రింగ్ దారికి, హోల్డర్ అంచుకి, కవర్ బ్యాండ్‌కి తగలకుండా వంచండి. బ్రష్ అరిగేకొద్దీ తీగ కిందికి దిగుతుంది కదా, అప్పుడు కూడా తగలకూడదు. ఇప్పుడు తగలని తీగ రెండు వందల గంటల తర్వాత హోల్డర్ అంచు మీద వేలాడి, బ్రష్‌ని దిగనివ్వకుండా పట్టుకోవచ్చు.

స్ప్రింగ్ ఒత్తిడిని స్ప్రింగ్ గేజ్‌తో కొలవండి. బ్రష్ ముఖం కింద సన్నని కాగితం ముక్క దూర్చి, గేజ్‌ని బ్రష్ పొడవు దిశలోనే లాగుతూ, కాగితం జారిపోయే క్షణంలో ఎంత చూపుతోందో చదవండి. కాగితం లేకుండా కంటి అంచనాతో చేస్తే ఒక్కో మనిషికి ఒక్కో లెక్క వస్తుంది. ఒత్తిడి తక్కువైతే బ్రష్ ఎగురుతుంది, రవ్వలు కమ్యుటేటర్‌ని తింటాయి. ఎక్కువైతే రాపిడి తింటుంది. వేడికి రంగు మారిన స్ప్రింగ్ కొలతలో పాసైనా మార్చేయండి.

అరుగుదల వేగం లెక్క

ఇది చేసేవాళ్లు తక్కువ. ఒక ఉదాహరణ తీసుకోండి: కొత్త బ్రష్ 30 మిల్లీమీటర్లు, మాన్యువల్ కనిష్ఠం 18. అంటే వాడుకోదగినది 12 మిల్లీమీటర్లు. 200 గంటలకు కొలిస్తే అతి పొట్టిది 27. మూడు మిల్లీమీటర్లు పోయాయి, గంటకు 0.015. మిగిలిన తొమ్మిదికి ఈ లెక్కన 600 గంటలు. నేరుగా 600 గంటల తర్వాత చూద్దాం అనుకోకండి. 350 గంటలకు మళ్లీ తెరిచారనుకుందాం. పాత వేగం ప్రకారమైతే 24.75 ఉండాలి. మీకు 23.5 వచ్చింది. 150 గంటల్లో 3.5 పోయింది, గంటకు 0.023 పైన, అంటే వేగం ఒకటిన్నర రెట్లు. మిగిలింది 5.5 మిల్లీమీటర్లు, దాదాపు 235 గంటలు. పొడవు లిమిట్‌లోనే ఉంది, కాగితం మీద పాస్. కానీ ఈ మధ్యలో ఏదో మారింది. కమ్యుటేటర్ గరుకెక్కిందా, స్ప్లైన్ వదులై వణుకు వస్తోందా, బ్యాటరీ ముసలిదై స్టార్ట్‌లు పొడుగవుతున్నాయా, విమానం చిన్న దూరాలకు తిరగడం మొదలుపెట్టి రోజుకి స్టార్ట్‌లు రెట్టింపయ్యాయా అని వెతకండి. అందుకే గంటలతో పాటు స్టార్ట్‌ల సంఖ్య కూడా తనిఖీ కార్డులో రాసే అలవాటు పెట్టుకోండి.

ఎత్తులో ఎగరడం కూడా ఒక కారణమే. గ్రాఫైట్ జారుడుగా ఉండడానికి గాలిలో తేమ కావాలి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బాగా ఎత్తుకి ఎగిరే విమానాల్లో జనరేటర్ బ్రష్‌లు గంటల్లోనే పొడైపోయేవి, కారణం ఆ పొడి గాలే. అప్పటినుంచి బ్రష్ కార్బన్‌లో మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటివి కలపడం వచ్చింది. అందువల్ల చూడ్డానికి ఒకేలా ఉన్నా గ్రేడ్ వేరైన బ్రష్ వేయకూడదు, ఒకే యూనిట్‌లో రెండు గ్రేడ్‌లు కలపకూడదు. ఒక్క బ్రష్ పోయినా సెట్ మొత్తం మార్చండి.

ఐదో పని: కమ్యుటేటర్ ముఖం చదవడం

దీనికి తొందర పనికిరాదు. అద్దం, మంచి టార్చి, వీలైతే భూతద్దం తీసుకోండి. ఆర్మేచర్‌ని మాన్యువల్ చెప్పిన పద్ధతిలో, అది మామూలుగా తిరిగే దిక్కులోనే నెమ్మదిగా తిప్పుతూ పూర్తి చుట్టూ చూడండి. వెనక్కి తిప్పితే బ్రష్ అంచులు ఊడే ప్రమాదం ఉంది.

బ్రష్ నడిచే దారి మీద లేత గోధుమరంగు నుంచి చాక్లెట్ రంగు దాకా సమానంగా ఉండే పొర మంచి గుర్తు. అది రాగి ఆక్సైడ్, గ్రాఫైట్ కలిసి ఏర్పడిన పొర. అది ఉంటేనే బ్రష్ తక్కువ అరుగుతుంది. మురికి అనుకుని దాన్ని రుద్ది రాగి మెరిసేదాకా తోమేవాళ్లున్నారు. అలా తోమిన కమ్యుటేటర్ మీద మొదటి కొన్ని గంటలు బ్రష్ అతివేగంగా పోతుంది. దారం పోగులు లేని పొడి గుడ్డతో పొడి తుడవండి, అంతే.

ఇక దోషాలు. సన్నని దారాల్లా చుట్టూ గీతలు పడితే రాగి బ్రష్‌లోకి ఎక్కుతోందని అర్థం, చాలాకాలం తక్కువ లోడ్ మీద నడిపినా ఇలా అవుతుంది. జనరేటర్‌ని ఖాళీగా తిప్పితే పాడవదనే నమ్మకం తప్పు, పొర కట్టాలంటే తగినంత కరెంటు పోవాలి. బ్రష్ వెడల్పంతా గాడి పడి, అంచున గోరు తగిలేంత మెట్టు కనిపిస్తే యూనిట్ మరమ్మతు షాప్‌కి వెళ్లాలి, అక్కడ లేత్ మీద తిప్పి, మైకా మళ్లీ కిందికి చెక్కి, వ్యాసం కనిష్ఠం కన్నా తగ్గలేదు కదా అని చూస్తారు. ప్రతి రెండో బార్ (కమ్యుటేటర్‌లోని రాగి పట్టీ), ప్రతి నాలుగో బార్ ఇలా లెక్కగా నల్లబడితే అది వైండింగ్ అమరికతో ముడిపడిన గుర్తు, అంచులు కాలకపోతే గమనిస్తూ ఉండొచ్చు. ఒకటి రెండు బార్లే కాలి, పక్కవి బాగుంటే కథ వేరు: ఆ బార్‌కి కలిసిన కాయిల్ తెగిందో, అతుకు వదిలిందో. అది బ్రష్ మార్పుతో పోదు. బార్ల మధ్య సందు మీదుగా రాగి పొర లాగినట్టు వంగి ఉంటే అది రాగి ఈడ్పు, వంతెన కట్టిందంటే బార్లు షార్ట్ అవుతాయి, యూనిట్ తీసేయండి.

కమ్యుటేటర్ మీద ఎమరీ గుడ్డ ఎప్పుడూ పెట్టకండి. దాని రేణువులు బార్ల మధ్య ఇరుక్కుని షార్ట్‌కి దారితీస్తాయి.

ఆరో పని: టెర్మినల్ బ్లాకు

చూడ్డానికి విసుగు పుట్టించే చోటు, మంటలు మొదలయ్యే చోటూ ఇదే. కేబుల్ లగ్‌ని (కేబుల్ చివరి లోహపు కన్ను) బేస్ నట్ మీద నేరుగా కూర్చోబెట్టాలి. ఫ్లాట్ వాషర్, లాక్ వాషర్, నట్ అన్నీ లగ్ పైనే రావాలి. లగ్ కింద వాషర్ పడిందంటే కరెంటంతా ఆ ఇనుప వాషర్ గుండా పోతుంది. టార్క్ సరిగ్గానే చూపిస్తుంది, బిగుతుగానే ఉంటుంది, కానీ స్టార్ట్‌లో ఎర్రగా కాలుతుంది. లగ్ చుట్టూ రంగు మారిన వలయం, బ్లాకు ప్లాస్టిక్ మీద బుడగ, సన్నని పగులు చూడండి. నట్ విప్పేటప్పుడూ బిగించేటప్పుడూ బేస్ నట్‌ని ఒక స్పానర్‌తో పట్టుకుని రెండోదాన్ని తిప్పండి. లేకపోతే స్టడ్ (లగ్ బిగించే మరబోల్టు) తిరిగి, లోపల వైండింగ్ చివర మెలిపడుతుంది. బయటికి ఏమీ కనిపించదు.

కేబుల్ బరువు స్టడ్ మీద పడకుండా క్లాంపు ఉందా, రబ్బరు తొడుగులు ఉన్నాయా అని చూసి ముందుకి వెళ్లండి.

నీరసంగా తిరిగే స్టార్టర్‌కి ఇక్కడే చేయగలిగే ఒక మంచి పరీక్ష ఉంది. యూనిట్ మూసి బ్యాటరీ తిరిగి కలిపాక, క్రాంక్ చేస్తున్నప్పుడు (స్టార్టర్‌తో ఇంజిన్‌ని తిప్పుతున్నప్పుడు) బ్యాటరీ స్తంభాల మధ్య వోల్టేజీ, అదే క్షణంలో యూనిట్ సీ (C), ఈ (E) టెర్మినల్‌ల మధ్య వోల్టేజీ రెండు మీటర్లతో చూడండి. బ్యాటరీ దగ్గర 18 ఉండి, యూనిట్ దగ్గర 15.5 మాత్రమే వస్తే దారిలో రెండున్నర వోల్టులు పోయాయి. కరెంటు 800 ఆంపియర్లు అయితే దారిలో ఎక్కడో రెండు కిలోవాట్ల వేడి పుడుతోంది. కాంటాక్టర్‌కి అటూ ఇటూ, గ్రౌండ్ వైపు విడిగా కొలిస్తే ఏ ముక్కలో పోతోందో తెలుస్తుంది. బ్యాటరీ దగ్గరే 13కి పడిపోతే మాత్రం స్టార్టర్‌ని వదిలి బ్యాటరీ వైపు వెళ్లండి. ప్రొపెల్లర్ చుట్టూ ఎవరూ లేకుండా, మీటర్ తీగలు వేడి భాగాలకీ తిరిగే భాగాలకీ దూరంగా కట్టి చేయాలి.

ఏడో పని: ఇన్సులేషన్

బ్లాకు నుంచి బయటి తీగలన్నీ విప్పాక మాత్రమే మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటర్) పెట్టండి. కంట్రోల్ యూనిట్ కలిసి ఉండగా పెడితే కొలత తప్పుతుంది, అంతకంటే ముందు ఆ యూనిట్ కాలిపోతుంది. స్పీడ్ సెన్సర్, ఫిల్టర్ కెపాసిటర్లు ఉన్న మోడల్‌లో అవీ విప్పాలి. ఎన్ని వోల్టుల మెగ్గర్, కనీసం ఎన్ని మెగాఓంలు అనేది మాన్యువల్ నుంచే తీసుకోండి. ఫలితం తక్కువొస్తే వెంటనే యూనిట్‌ని రద్దు చేయకండి, కార్బన్ పొడి, తేమ రెండూ దాన్ని దించేస్తాయి. మళ్లీ శుభ్రం చేసి, ఆరబెట్టి, మరోసారి కొలవండి. అప్పటికీ కోలుకోకపోతే వైండింగ్‌దే తప్పు.

ఎనిమిదో పని: షాఫ్ట్, స్ప్లైన్, బేరింగ్

యూనిట్ దించితే ఇది తప్పనిసరి. చాలా యూనిట్లు పది, పదిహేను కిలోల బరువు ఉంటాయి. అంత బరువు ఒక్క క్షణమైనా స్ప్లైన్ మీద వేలాడకూడదు. షాఫ్ట్‌లో కావాలనే సన్నగా చెక్కిన భాగం ఉంటుంది, ఆర్మేచర్ బిగుసుకుపోతే గేర్‌బాక్స్‌ని కాపాడేందుకు అది విరగాలి. వేలాడదీసిన యూనిట్ ఆ సన్నని మెడని కొద్దిగా వంచుతుంది. ఆ వంపు రెండు నెలల తర్వాత, అందరూ మరిచిపోయాక విరుగుతుంది. ఇద్దరు పట్టుకోండి, లేదా స్లింగ్ వాడండి.

స్ప్లైన్ పళ్లని శుభ్రం చేసి, గోరుతో పక్కగా గీయండి. గోరు మెట్టులో ఆగిందంటే అరుగుదల మొదలైంది, లిమిట్ కొలత మాన్యువల్‌లో ఉంటుంది. పళ్ల మధ్య ఇటుక రంగు పొడి ఉంటే గ్రీజు ఎండిపోయి, ఉక్కు ఉక్కుతో నలుగుతోంది. ఇంజిన్ వైపు గేర్ పళ్లనీ తప్పక చూడండి. అరిగిన ఆడ స్ప్లైన్‌లో కొత్త షాఫ్ట్ పెడితే కొత్తది పాతదానికన్నా త్వరగా పోతుంది. గ్రీజు పట్టించే రకమా, ఇంజిన్ నూనెతో తడిసే రకమా తెలుసుకోండి. తడి స్ప్లైన్‌కి ఓ-రింగ్ ప్రతిసారీ కొత్తది. గ్రీజు రకమైతే చెప్పిన బ్రాండ్ గ్రీజే, చెప్పినంతే.

విరిగిన షాఫ్ట్ చేతికి వస్తే కొత్తది వేసి వదిలేయకండి. ఆర్మేచర్ చేత్తో తిరుగుతోందా? బేరింగ్ గరగరలాడుతోందా? గ్రౌండ్ పవర్ యూనిట్‌లో కరెంటు పరిమితి ఎంత పెట్టారు? పరిమితి లేని పెద్ద యూనిట్ ఒక్కసారిగా ఇచ్చే కరెంటుకి షాఫ్ట్ మీద పడే దెబ్బ బ్యాటరీ కన్నా చాలా ఎక్కువ. బేరింగ్ విషయంలో తిప్పి వినడం, పక్కకి ఆడించి చూడడం మించి చేసేదేమీ ఉండదు. కొద్దిగా అనుమానం ఉన్నా షాప్‌కి పంపండి. బేరింగ్ పోతే ఆర్మేచర్ వెళ్లి చుట్టూ ఉండే పోల్ ముక్కలకి (అయస్కాంత ధ్రువాలకి) రాసుకుంటుంది, అప్పుడు మరమ్మతు ఉండదు.

బిగింపు, మొదటి స్టార్ట్

కొత్త బ్రష్‌లు వేస్తే అవి కమ్యుటేటర్ వంపుకి సర్దుకోవాలి. చాలా యూనిట్లకు అది షాప్ బెంచ్ మీద తక్కువ వోల్టేజీతో, మోటారులా, లోడ్ లేకుండా తిప్పి చేసే పని. విమానం మీద మార్చడానికి అనుమతి ఉన్న బ్రష్‌లకు తయారీదారు చెప్పిన పద్ధతి వేరుగా ఉంటుంది, దాన్ని ఒక్క అడుగు వదలకుండా చేయండి. ముఖంలో చెప్పిన శాతం ఆనకముందే పూర్తి లోడ్ ఇస్తే ఆనిన చోట కాలుతుంది, ఆ మచ్చ కమ్యుటేటర్ మీద ఉండిపోతుంది.

యూనిట్‌ని ప్యాడ్ మీద కూర్చోబెట్టేటప్పుడు స్ప్లైన్ పళ్లు కుదిరే వరకు కొద్దిగా తిప్పుతూ తోయండి, క్లాంపు బిగించి లోపలికి లాగుదాం అనుకోకండి. వీ-బ్యాండ్ క్లాంపుని చెప్పిన టార్క్‌కి బిగించి, చుట్టూ రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి, మళ్లీ టార్క్ పెట్టండి. తట్టాక రెంచ్ ఇంకాస్త తిరుగుతుంది. తిరిగిందంటే మొదటిసారి క్లాంపు సరిగా కూర్చోలేదన్నమాట. కదలడం ఆగేవరకు ఇలా చేయండి.

మొదటి స్టార్ట్‌కి స్టార్టర్ సమయ పరిమితి ఎక్కడా దాటకండి. ఉదాహరణకు సెస్నా కారవాన్‌లో బ్యాటరీతో 30 సెకన్లు తిప్పి 60 సెకన్లు ఆగాలి, మళ్లీ 30 తిప్పి 60 ఆగాలి, మూడో 30 తర్వాత అరగంట విరామం. కింగ్ ఎయిర్ 200లో 40 సెకన్ల చొప్పున అదే వరస. అరగంట ఆగాల్సింది ఆర్మేచర్ చల్లారడానికే. పది నిమిషాలకే నాలుగో ప్రయత్నం చేస్తే అప్పటికే వేడెక్కిన ఇన్సులేషన్ మీద దెబ్బ పడుతుంది. కారవాన్‌లో గ్యాస్ జనరేటర్ వేగం 52 శాతం దాటాకే స్టార్టర్ తీయాలి. ముందే తీస్తే ఇంజిన్ వేగం అందుకోక ఉష్ణోగ్రత పైకెగురుతుంది, మళ్లీ స్టార్ట్, మళ్లీ బ్రష్ మీద భారం.

జనరేటర్ ఆన్ చేశాక వోల్టేజీ నిలకడగా ఉందా చూడండి, లోడ్‌ని కొద్దికొద్దిగా పెంచండి. సూది వణుకుతూ ఉంటే కంట్రోల్ యూనిట్‌ని మార్చేముందు బ్రష్ గూళ్లూ, ఏ, బీ టెర్మినల్ బిగింపూ మరోసారి చూడండి. రెండు ఇంజిన్ల విమానంలో రెండు జనరేటర్ల లోడ్ తేడా మాన్యువల్ లిమిట్‌లో ఉండాలి. ఎక్కువ తేడా ఉంటే డీ టెర్మినల్ తీగని మొదట చూడండి, సన్నగా ఉండే ఆ తీగనే చాలామంది వదులుగా వదిలేస్తారు.

ఇంజిన్ ఆపి చల్లారాక బ్యాండ్ విప్పి ఒక్కసారి చూడండి. తుడిచి పెట్టిన కమ్యుటేటర్ చుట్టూ కొత్తగా రాగి మెరుపు, నల్లటి అంచు మచ్చ వచ్చాయంటే, కార్డు మీద సంతకం పెట్టకుండా నాలుగో పని దగ్గరికి తిరిగి వెళ్లాలి. లేకపోతే ప్రతి బ్రష్ పొడవు, ఏ గూడు, స్ప్రింగ్ ఒత్తిడి, మొత్తం గంటలు, మొత్తం స్టార్ట్‌లు, కమ్యుటేటర్ రంగు, వచ్చిన పొడి ఎంతో కార్డులో రాయండి. ఫోన్‌తో కమ్యుటేటర్ ఫోటో తీసి ఆ రికార్డుకి జతచేయండి, తర్వాతి తనిఖీ చేసే మనిషికి రంగు మారిందో లేదో మాటల కన్నా ఫోటోలోనే బాగా తెలుస్తుంది.